గోడ మీద సత్రం

"ఇదేమన్నా ధర్మసత్రం అనుకున్నావా?" తెలుగు ఇళ్ళల్లో ఈ మాట పడకుండా పెరిగినవాళ్ళు తక్కువ. రాత్రి పదకొండింటికి తలుపు కొట్టినా, చెప్పాపెట్టకుండా నలుగురు స్నేహితుల్ని భోజనానికి వెంటబెట్టుకొచ్చినా ఇదే మాట. సత్రానికి ఎవరైనా రావచ్చు, తిని పడుకోవచ్చు, పొద్దున్నే లేచి పోవచ్చు. ఇంటికి అలా కుదరదు. పనీపాటా లేకుండా తిరిగేవాడి బతుకుని "సత్రం భోజనం, మఠం నిద్ర" అని ఎగతాళి చేయడం కూడా మనకి అలవాటే.

ఇల్లు సత్రం కాదని ఇంత గట్టిగా చెప్పే మనమే ఇప్పుడు సత్రం బొమ్మను డబ్బిచ్చి కొని హాల్లో తగిలించుకుంటున్నాం. హైదరాబాద్, బెంగళూరు ఫ్లాట్లలో సోఫా వెనక గోడ ఖాళీగా ఉండకూడదన్నది కొత్త నియమం. క్యాలెండర్ పెడితే పల్లెటూరితనం, దేవుడి పటం పూజగదిలో ఉండాలి, పెళ్ళి ఫొటో బెడ్రూమ్‌లో ఉండాలి. హాలుకి కావలసింది పాతగా, హుందాగా కనిపించేది. అందుకే రెండు వందల ఏళ్ళ నాటి అచ్చుబొమ్మల నకళ్ళు ఆన్‌లైన్‌లో బాగా దొరుకుతున్నాయి: ఘాట్లు, గోపురాలు, కోటలు, వాటితోపాటు 'చౌల్ట్రీ'లు. ఇంగ్లండ్‌లో అయితే పాత ఆల్మ్స్‌హౌస్‌ల బొమ్మలకు ఇలాంటి గిరాకీయే ఉంది. ఎర్ర ఇటుకల గోడలు, వరసగా పొగగొట్టాలు, ముందు చిన్న తోట. చూడ్డానికి ప్రశాంతంగా ఉంటాయి.

ఆ ప్రశాంతత గురించే ఈ వ్యాసం. అన్నం పెట్టే చోటు బొమ్మగా మారినప్పుడు అందులో ఎవరు మిగులుతారు, ఎవరు మాయమవుతారు అన్నది నా ప్రశ్న.

ముందు రెండు మాటలు విడదీసుకుందాం. ఇంగ్లిష్ ఆల్మ్స్‌హౌస్, మన సత్రం ఒకటి కావు. ఆల్మ్స్‌హౌస్ ఎక్కువగా ముసలివాళ్ళకి, నిరుపేదలకి, చనిపోయేదాకా ఉండే చోటు. ఊళ్ళో ఎవరికి చోటివ్వాలో ధర్మకర్తలు నిర్ణయిస్తారు. సత్రం దారిన పోయేవాళ్ళది. రెండు మూడు రోజులుండి వెళ్ళిపోవాలి. అయితే రెండూ కలిసే చోట్లు లేకపోలేదు. వించెస్టర్‌లో 1130ల నాటి సెయింట్ క్రాస్ అనే ఆల్మ్స్‌హౌస్ ఉంది. లోపల వృద్ధులు ఉంటారు, బయట దారిన పోయేవాడు అడిగితే ఒక రొట్టెముక్క, కాస్త బీరు ఇస్తారు. ఆ ఆచారం ఇవాళ్టికీ నడుస్తోంది. మన 'సత్రం' సంస్కృతంలోని 'సత్త్రం' నుంచి వచ్చింది. మొదట అది చాలా రోజులు సాగే సోమయాగం పేరు. యాగం అన్నశాల అయింది. 'చౌల్ట్రీ' మాత్రం మన 'చావడి'కి దగ్గరి చుట్టం. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు కూర్చునే చావడి ఇంగ్లిషువాళ్ళ నోట్లో పడి చౌల్ట్రీ అయింది. తర్వాత వాళ్ళు స్తంభాలున్న ప్రతి మంటపాన్నీ చౌల్ట్రీ అనేశారు.

ఈ అలవాటు వల్లే అన్నిటికన్నా పేరుమోసిన 'చౌల్ట్రీ' బొమ్మలో అసలు చౌల్ట్రీయే లేదు. థామస్ డానియెల్, ఆయన అన్నకొడుకు విలియం 1786 నుంచి 1793 దాకా ఇండియా అంతా తిరిగి బొమ్మలు గీశారు. 1795-1808 మధ్య వాటిని 'ఓరియంటల్ సీనరీ' పేరుతో 144 రంగు అచ్చులుగా లండన్‌లో వేశారు. అందులో మదురైలోని 'తిరుమల నాయకుడి చౌల్ట్రీ' ఒకటి. ఇవాళ ఫ్రేము కట్టి అమ్మే దక్షిణాది బొమ్మల్లో ఇది తరచూ కనిపిస్తుంది. చెక్కిన స్తంభాల వరస, పైనుంచి వాలే వెలుతురు, కింద చీమల్లా నలుగురైదుగురు మనుషులు.

ఆ కట్టడం పుదు మంటపం. మీనాక్షి గుడి తూర్పు గోపురం ఎదురుగా ఉంటుంది. తెలుగు మూలాలున్న మదురై నాయకుల్లో తిరుమల నాయకుడు (పాలన 1623-1659) వసంతోత్సవం కోసం కట్టించాడు. బాటసారులకి అన్నం పెట్టడానికి కట్టింది కాదు. వేసవిలో దేవుడు, దేవేరి చల్లగా కూర్చోడానికి కట్టింది. అందులో స్తంభాల మీద నిలువెత్తున నిలబడి ఉన్నది దేవుళ్ళు ఒక్కళ్ళే కాదు, తిరుమల నాయకుడి దాకా మదురై నాయక రాజులు వరసగా ఉన్నారు. తర్వాతి కాలంలో ఆ మంటపాన్ని నిజంగా వాడుకున్నవాళ్ళు దర్జీలు, పుస్తకాల కొట్లవాళ్ళు. 1858లో లినేయస్ ట్రైప్ కెమెరాతో వెళ్ళి మదురైని ఫొటోలు తీశాడు. పొడుగు ఎక్స్‌పోజర్ కాలం అది. కదిలే మనిషి నెగెటివ్‌లో నిలవడు, రాయి నిలుస్తుంది. డానియెల్ మనుషుల్ని చిన్నగా చేస్తే ట్రైప్ కెమెరా వాళ్ళని పూర్తిగా తుడిచేసింది.

పాత బొమ్మల్ని ఇంటి గోడకి వాడుకోవడం కూడా మన తరం కనిపెట్టిన విద్య కాదు. డానియెల్ల బొమ్మల్ని ఆధారంగా చేసుకుని ఫ్రాన్స్‌లో జూబెర్ కంపెనీ 1807లో 'హిందుస్తాన్' అనే వాల్‌పేపర్ తయారుచేసింది. వెయ్యికి పైగా చెక్క అచ్చులతో, గది చుట్టూ తిరిగివచ్చేలా. గోపురం పక్కన మసీదు, మసీదు పక్కన ఏనుగు, మధ్యలో నది. ఎక్కడెక్కడి ఊళ్ళూ ఒకే గోడ మీద ఇరుగుపొరుగు అయిపోయాయి. ఇండియాని ఎప్పుడూ చూడని కుటుంబాలు ఆ గోడల మధ్య కూర్చుని భోజనం చేశాయి. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది. అంటే సోఫా వెనక డానియెల్ పెట్టుకుంటున్న కొండాపూర్ ఇంజనీరు, రెండు వందల ఏళ్ళ కిందటి ఫ్రెంచి షావుకారుకి వారసుడన్నమాట. తేడా ఒకటే. ఆ బొమ్మ అతని తాతముత్తాతల ఊళ్ళది కాదు, ఇది మనది. కానీ చూపు మాత్రం వాళ్ళదే.

సరే, కట్టడాన్ని కాకుండా మనుషుల్ని గీసిన బొమ్మలు లేవా? ఉన్నాయి. ప్రపంచంలో అన్నిటికన్నా గొప్ప ఆల్మ్స్‌హౌస్ బొమ్మలు రెండూ మనుషులవే. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో వృద్ధుల ఆశ్రమం ఒకటి ఉండేది. దాన్ని నడిపే పెద్దమనుషుల్ని ఒక పటంలో, దాన్నే చూసుకునే పెద్దమ్మల్ని ఇంకో పటంలో ఫ్రాన్స్ హాల్స్ 1664 ప్రాంతంలో గీశాడు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. ఆ చలికాలం పొయ్యిలోకి నగరం ధర్మంగా ఇచ్చిన మూడు బళ్ళ పీట్ బొగ్గే ఆయనకి దిక్కు. ధర్మం పుచ్చుకునేవాడు ధర్మం పంచేవాళ్ళ ఎదురుగా కూర్చుని వాళ్ళ మొహాలు గీశాడు. 1972లో జాన్ బెర్జర్ 'వేస్ ఆఫ్ సీయింగ్' మొదటి వ్యాసంలో ఈ పటాల దగ్గరే ఆగి, ఆ చూపుల్లో ఉన్న లెక్కని మనకి చూపించాడు.

బెర్జర్ చెప్పింది గీసినవాడికీ గీయించుకున్నవాళ్ళకీ మధ్య ఉన్న సంగతి. నాకు తట్టేది మూడోవాళ్ళ సంగతి. ఆ రెండు పటాల్లో నల్ల బట్టలు, తెల్ల కాలర్లు, చేతిలో కాగితం, వెనక నౌకరు, అన్నీ ఉన్నాయి. ఆ ఆశ్రమంలో ఉన్న ముసలివాడు ఒక్కడూ లేడు. పటాలు తగిలించింది ఆ ఆశ్రమం గోడల మీదే. రోజూ వాటిని చూడాల్సింది ఆ ముసలివాళ్ళే. ఇప్పుడు ఆ భవనమే ఫ్రాన్స్ హాల్స్ మ్యూజియం. ముసలివాళ్ళు వెళ్ళిపోయారు, పెద్దమనుషులు గోడ మీద ఉండిపోయారు.

మన సత్రాల్లోనూ ఇదే కదా. లోపలికి అడుగుపెట్టగానే దండ వేసిన దాతగారి పటం, కింద పాలరాతి పలక, 'ఫలానా వారి జ్ఞాపకార్థం' అని. ఫ్యాను రెక్క మీద పేరు, బెంచీ మీద పేరు, మంచినీళ్ళ కుళాయి మీద పేరు. వెలుతురు తగ్గినా పరవాలేదని ట్యూబ్‌లైట్ మీద రాయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ సత్రంలో ముప్పై ఏళ్ళు గంట తిప్పిన వంటమనిషి పేరు ఎక్కడా కనపడదు.

తెలుగునాట అన్నదాత పటం అనగానే గుర్తొచ్చేది డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి లంకల గన్నవరం వచ్చారు. గోదావరి పాయల మధ్య లంక ఊరు అది. రేవు దాటేవాళ్ళకి ఆకలి వేళాపాళా లేకుండా వేసేది. ఆవిడ సత్రం కట్టలేదు. ఇల్లే సత్రం చేశారు. కోనసీమలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక సంబరాలకి ఆవిడని పిలిచారట. నేను వెళితే ఇక్కడ వచ్చినవాళ్ళకి అన్నం ఎవరు పెడతారని ఆవిడ కదల్లేదట. కనీసం ఫొటో అయినా పంపమంటే, దానికీ ఇష్టపడకపోతే, అధికారులు బతిమాలి తీయించుకుని వెళ్ళి, ఆ సంబరంలో కుర్చీలో పెట్టి గౌరవించారట. 1903 జనవరి 1 నాటి ప్రశంసాపత్రం మాత్రం ఆవిడ పేర పుట్టింది. 1909లో ఆవిడ పోయారు. గన్నవరం దగ్గర గోదావరి మీద కొత్త అక్విడక్ట్‌కి ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ బడి మధ్యాహ్న భోజన పథకానికి పెట్టారు.

కథ ఎంతవరకు నిజమన్నది పక్కన పెడితే, దాన్ని అల్లిన జనం తెలివి చూడండి. రాజుగారికి కావలసింది పటం, ఆవిడకి కావలసింది వంటిల్లు వదలకపోవడం. పటం సముద్రం దాటింది, ఆవిడ దాటలేదు. పటమూ మనిషీ ఒకటి కాదని ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం. అయినా ఆ కథలో కూడా గోడకెక్కింది పెట్టిన చెయ్యే. పడవ దిగి ఆకలితో వచ్చిన వాడి మొహం మనకి తెలియదు.

తినేవాడి మొహం, కాదు, తిండి లేనివాడి మొహం కనిపించే ఫొటోలు కూడా ఉన్నాయి. 1876-78 నాటి ధాత కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి మద్రాసు ప్రాంతంలో తీసినవి. ఎముకల గూళ్ళని కుటుంబాలుగా వరసగా కూర్చోబెట్టి, స్టూడియోలో తీసినంత శ్రద్ధగా తీశాడు. ఒక ఫొటో కింద 'ఉచిత సాయానికి అర్హులు' అని అర్థం వచ్చే శీర్షిక ఉంది. ఆ కరువులో చనిపోయినవాళ్ళు 55 లక్షల దాకా ఉంటారని అంచనా. సాయం శిబిరాల్లో రిచర్డ్ టెంపుల్ 1877లో మగ కూలీకి కట్టిన లెక్క రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. అది ప్రాణం నిలపడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోట్లాడాడు. ఆ మనుషుల్ని కూర్చోబెట్టి ఫొటో తీసి పంపించేశాడని హూపర్‌కీ అక్షింతలు పడ్డాయి.

ఈ ఫొటోల్ని ఎవరూ ఫ్రేము కట్టించి అమ్మరు, ఎవరూ కొనరు. కొనకూడదు కూడా. కానీ ఒక్క సంగతి గమనించాలి. హుందాగా ఉండే సత్రం బొమ్మలూ, చూడలేని కరువు ఫొటోలూ ఒకే కథకి రెండు వైపులు. ఒకదాంట్లో రాయి ఉంది, ఆకలి లేదు. ఇంకోదాంట్లో ఆకలి ఉంది, దానికి పేరు లేదు. మామూలు మనిషి కడుపునిండా తింటున్న బొమ్మ ఈ రెంటి మధ్యా ఎక్కడో జారిపోయింది.

మా క్రోసూరు వైపు వస్తే ఈ సంగతి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మాది మెట్ట. పత్తి, మిర్చి, వాన కోసం చూపులు. 1832-33లో నందన కరువు వచ్చినప్పుడు అప్పటి గుంటూరు జిల్లాలో సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని లెక్కలు. దానికి ఫొటోలు లేవు. ఫొటో అనే విద్య లోకానికి వెల్లడైంది 1839లో. ఆ కరువుకి రెండేళ్ళ ముందే, 1830-31లో, ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి వస్తూ మజిలీ మజిలీకీ ఎక్కడ సత్రం ఉంది, ఎక్కడ నీళ్ళున్నాయి, ఏ సరుకు దొరుకుతుంది అని రాసుకుంటూ పోయాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్రచరిత్రలో సత్రం ఒక దృశ్యం కాదు, ఒక అవసరం. రాత్రికి తలదాచుకోవాల్సినవాడు స్తంభాలు లెక్కపెట్టడు.

క్రోసూరు నుంచి తూర్పుకి వెళితే అమరావతి. అక్కడ రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు (పాలన 1783-1816) దానధర్మాల కథలు కొల్లలు. గుళ్ళు కట్టించాడు, అన్నదానాలు చేశాడు, తులాభారాలు తూగాడు. ఆయన గురించే ఇంకో కథ కూడా ఈ ప్రాంతమంతా చెప్పుకుంటారు. దోపిడీలు ఆపడానికని చెంచుల్ని భోజనానికి పిలిచి, వచ్చినవాళ్ళని వరసగా నరికించాడట. ఆ చోటే నరుకుళ్ళపాడు అంటారు. ఆ తర్వాత ఆయన విస్తట్లో అన్నం పురుగులై కనిపించేదట, ఆ పాపం పోగొట్టుకోడానికే అమరావతి చేరి శివుడి సేవలో పడ్డాడట. రాజుగారి బొమ్మ మనకుంది. భోజనానికని వచ్చిన చెంచులకి మిగిలింది ఒక ఊరి పేరు. పిలిచి అన్నం పెట్టే చెయ్యి మీద జనానికి ఎంత నమ్మకమో అంత అనుమానం కూడా ఉందని ఈ కథ చెబుతుంది. విస్తరి ముందు కూర్చున్నవాడు పెట్టేవాడి చేతిలో ఉంటాడు.

అమరావతి దాటి ఇంకా ముందుకి, ఇప్పటి రాజధాని ప్రాంతంలో వెలగపూడి పక్కన మల్కాపురం ఉంది. అక్కడ నంది ఉన్న శాసన స్తంభం ఒకటి ఉంది. క్రీ.శ. 1261, రుద్రమదేవి కాలం. గణపతిదేవుడు మాటిచ్చిన మందడం గ్రామాన్ని, దాంతోపాటు వెలగపూడిని, రుద్రమ తమ గురువు విశ్వేశ్వర శివాచార్యులకి ధారపోసింది. ఆయన ఆ ఆదాయంతో ఏమేం నడపాలో రాయించాడు: గుడి, మఠం, విద్యార్థులకి భోజనం, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం. వైద్యుడికెంత, లెక్కలు రాసేవాడికెంత, వండేవాళ్ళకెంత అని పంపకాలు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా అన్నం పెట్టాలి అని ఆజ్ఞ.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డానియెల్ బొమ్మ స్క్రీన్‌షాట్ అయితే మల్కాపురం శాసనం కాన్ఫిగరేషన్ ఫైలు. ఒకటి ఎలా కనిపించిందో చూపిస్తుంది, రెండోది ఎలా నడవాలో చెబుతుంది. నేను ఇన్ని సత్రం బొమ్మలు వెతికినా వంటవాడి గురించి తెలిసింది బొమ్మ ఒక్కటీ లేని ఈ రాతి మీదే.

దీన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. అందరికీ అన్నం అంటే అందరూ ఒకే బంతిలో అని అర్థం కాదు. ఆ మాట అనాలంటే పడమటికి, పల్నాడు లోపలికి వెళ్ళాలి. పన్నెండో శతాబ్దంలో మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. చాప పరిచి, అన్నం రాశిపోసి, అన్ని కులాలవాళ్ళూ చుట్టూ కూర్చుని తినడం. మాలవాడైన కన్నమదాసుని కొడుకుగా, సేనానిగా చేసుకున్న మనిషి ఆయన. ఇవాళ్టికీ కారంపూడిలో కార్తీకంలో జరిగే పల్నాటి వీరారాధనలో మందపోరు రోజు చాపకూడు పెడతారు. అందులో కట్టడం లేదు. గోపురం లేదు, స్తంభం లేదు, పాలరాతి పలక లేదు. ఉన్నది చాప, అన్నం, తినేవాళ్ళు. అందుకే కాబోలు, ఏ యూరోపియన్ చిత్రకారుడికీ అది 'సీనరీ'గా తోచే అవకాశం లేదు.

అదే పల్నాటివాళ్ళం శివరాత్రికి కోటప్పకొండ వెళితే కొండ కింద కులానికో సత్రం. శ్రీశైలం వెళితే రెడ్డి సత్రం, కమ్మ సత్రం, వైశ్య సత్రం, కరివేన బ్రాహ్మణ సత్రం. చాలావాటికి ఇప్పుడు ఆన్‌లైన్ బుకింగ్ కూడా ఉంది. ఇంటిపేరు, గోత్రం చూసి గది ఇచ్చే చోట్లు మనందరికీ తెలిసినవే. ఎనిమిది వందల ఏళ్ళ కింద చాప మీద కలిసిన బంతి, గదుల తాళాల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ విడిపోయింది. ఇవాళ్టి సత్రాన్ని నిజాయితీగా బొమ్మ గీయాలంటే మొదట గీయాల్సింది గేటు మీద బోర్డుని. పాత బొమ్మ మనకి ఇంత హాయిగా ఉండడానికి కారణం కూడా అదేనేమో. డానియెల్ చౌల్ట్రీకి బోర్డు లేదు. ఎవరినైనా రానిచ్చినట్టే కనిపిస్తుంది.

గోడ మీద ఏదీ పెట్టొద్దని నేననను. ఖాళీ గోడలో గొప్పేమీ లేదు. విశాఖలో టర్నర్ సత్రం, మదురై స్టేషన్ ఎదుట మంగమ్మ సత్రం, ఇంకా మన ఊళ్ళల్లో కూలడానికి సిద్ధంగా ఉన్న ఎన్నో సత్రాలు కనీసం ఫొటోలుగానైనా మిగలాలి. కొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇందులో తినేవాడు ఎక్కడున్నాడు? వండినవాళ్ళు ఎక్కడున్నారు? గేటు దగ్గర ఎవరిని ఆపారు?

నా మటుకు నాకు రెండే తోస్తున్నాయి. ఒకటి శాసనం అచ్చు. తడి కాగితం రాతి మీద అద్ది, సిరా పూసి తీసే ఆ ముద్రలో నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. డిజైన్ పరంగా ఏ సోఫా వెనకైనా బాగుంటుంది. వచ్చినవాళ్ళు ఏమిటిది అని అడుగుతారు, చెప్పడానికి ప్రసూతిశాల నుంచి వంటవాళ్ళ దాకా బోలెడు కథ ఉంది. రెండోది కారంపూడి చాప. కార్తీకంలో వెళ్ళి, పైనుంచి కాకుండా తినేవాళ్ళ పక్కన కూర్చుని తీసిన ఫొటో. అందులో మొహాలు ఉండాలి, ఎంగిలి చేతులు ఉండాలి. అలాంటి ఫొటో తీయాలంటే ఫొటోగ్రాఫర్ కూడా ముందు ఆ చాప మీద కూర్చుని నాలుగు ముద్దలు తినాల్సి ఉంటుంది.